ఆయాసం తీర్చుకోవడం

మా పెద్దమ్మ వేలికి ఆక్సీమీటరు తగిలించి, అంకె చూసి, "94. బాగానే ఉందమ్మా" అన్నారు డాక్టరుగారు. బల్ల అంచుకు రెండు చేతులూ ఆనించి, భుజాలు చెవుల దాకా ఎగదోసుకుని కూర్చుని ఉంది పెద్దమ్మ. "అంకె బాగుందేమో నాయనా... నాకు మాత్రం... ఆయాసంగా ఉంది" అంది. ఆ చిన్న మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. డాక్టరుగారు ఇంకో పీల్చే మందు రాసిచ్చి తర్వాతి చీటీ పిలిచారు.

ఇంటికొచ్చాక ఆ రెండు మాటలే నా చెవిలో తిరిగాయి. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఆయన రక్తంలో ఉన్న ప్రాణవాయువు లెక్క చెప్పారు. ఆమె తను పడుతున్న పాటు చెప్పింది. ఆయాసం అనే మాటకు మొదటి అర్థం పాటే.

సంస్కృతంలో ‘యస్’ అనే ధాతువు ఉంది. ప్రయత్నించడం, శ్రమపడడం అని దాని అర్థం. ముందు ‘ప్ర’ చేరితే ప్రయాస. ‘ఆ’ చేరితే ఆయాసం. శ్రమ లేకుండా అయిపోయేది అనాయాసం. ధాతువులో ఊపిరి ఊసే లేదు. ఇప్పటికీ కన్నడంలో ఆయాస అంటే ఒంటి అలసట, తమిళంలోనూ అంతే. మన దగ్గర అది ఒళ్లు వదిలి ఛాతీలో కాపురం పెట్టింది. ఒంటి అలసటకు అలుపు, బడలిక, డస్సిపోవడం లాంటి మాటలు చాలానే ఉండబట్టి కాబోలు, ఆయాసాన్ని ఊపిరికి వదిలేశాం. మెట్లెక్కితే ఆయాసం. పరిగెడితే ఆయాసం. ఏమీ చేయకుండా మంచం మీద కూర్చున్నవాళ్లకు వచ్చినా ఆయాసమే, అప్పుడది జబ్బు.

పాత అర్థం పూర్తిగా చెరిగిపోలేదు. ఎండనపడి వచ్చిన చుట్టానికి మంచినీళ్ల చెంబు అందించి "కాస్త ఆయాసం తీర్చుకోండి" అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పలకరింపులో నన్ను పట్టుకున్నది క్రియ. జ్వరం తగ్గుతుంది. పుండు మానుతుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది. దాహం, ఆకలి, ఆయాసం మాత్రం తీరుతాయి. తీరేవి మళ్లీ వస్తాయి. రైతింట్లో అప్పు కూడా అంతే. రాత్రికి మళ్లీ వేస్తుంది కదా అని మధ్యాహ్నం తిన్న అన్నం ఆకలి తీర్చలేదని ఎవరమూ అనం.

ముదిరిపోయిన ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్ల తరబడి ఆయాసపడేవాళ్ల గురించి నేను చెప్పదలచుకున్నది ఈ క్రియలోనే ఉంది. జబ్బు ఇక నయం కాదని తేలిపోయాక కూడా ఆయాసం తీర్చే పని ఒకటి మిగిలే ఉంటుంది. అది రోజుకు పదిసార్లు చేయాల్సిన పని కావచ్చు. ఐనా పనే.

వైద్యులు ఈ సంగతిని ఈమధ్యే ఒక పేరు పెట్టి పట్టుకున్నారు. 2017లో వేర్వేరు దేశాల శ్వాసకోశ నిపుణులు, ఉపశమన వైద్యులు కలిసి ఒక ప్రతిపాదన చేశారు. అసలు జబ్బుకు ఇవ్వాల్సిన వైద్యమంతా ఇచ్చాక కూడా విడవకుండా ఉండి, మనిషిని కదలనివ్వని ఆయాసాన్ని విడిగా ఒక రుగ్మతగా లెక్కించాలన్నారు. అంతవరకు ఆయాసం లోపలి జబ్బును పట్టిచ్చే గుర్తు మాత్రమే. జబ్బు ఏదో తెలిశాక గుర్తుతో పనేముంది? పేరు పెట్టాక దానికీ వైద్యం ఉండాలని అడిగే వీలు వచ్చింది. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. "ఆయనకు ఆయాసం" అంటే మనం జబ్బు పేరు అడగం, కుర్చీ తెచ్చి వేస్తాం.

ఐతే ఆ ఒక్క మాటతో సరిపోదు. పెద్దమ్మే రోజులో మూడు నాలుగు మాటలు వాడేది. పెరట్లోంచి నడిచొస్తే రొప్పు. పోపు పొగ తగిలితే "ఊపిరాడటం లేదు". నడిరాత్రి మెలకువ వచ్చి లేచి కూర్చుంటే ఉక్కిరిబిక్కిరి. మా వియ్యాలవారిది కరీంనగర్ వైపు. వాళ్లు గస అంటారు, దమ్ము అంటారు. కేసు షీటులోకి ఎక్కేసరికి ఇవన్నీ కలిసి ఎస్ఓబీ (షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలైపోతాయి.

కలిపేయకూడని మాటలవి. ఊపిరాడడంలో ఉన్న ‘ఆడు’ అడ్డు లేకుండా కదలడాన్ని చెబుతుంది. చేయి ఆడదు, నోరు ఆడదు, గది­లో గాలి ఆడదు అంటామే, అదే. ఊపిరాడటం లేదంటే దారి మూసుకుపోయిందని. ఆయాసంగా ఉందంటే దారి ఉంది కానీ నడవడానికి నా శక్తి చాలడం లేదని. 1990లో అమెరికాలో సైమన్, ష్వార్ట్జ్‌స్టీన్, వాళ్ల సహచరులు ఇలాంటి పనే ఒకటి చేశారు. రకరకాల జబ్బులతో ఆయాసపడేవాళ్లకు వాక్యాల పట్టిక ఇచ్చి, మీ బాధకు సరిపోయేవి ఏరుకోమన్నారు. ఒక్కో జబ్బువాళ్లు ఒక్కో గుంపు వాక్యాలు ఏరుకున్నారు. అందరూ ఒకే బాధ పడడం లేదు, ఒకే పేరు కింద వేర్వేరు బాధలు పడుతున్నారు. రోగి నోటి మాటను ఉన్నదున్నట్టు రాసుకోవడం వైద్యంలో భాగమేనని నేననుకునేది అందుకే.

మన పాతవాళ్లకూ ఈ విడదీత తెలుసు. చరకసంహిత శ్వాసరోగాలను ఐదుగా చెప్పింది: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయేది క్షుద్రశ్వాస, దానితో భయం లేదు. తమకశ్వాస ఉన్నవాడికి పడుకుంటే బాధ, కూర్చుంటే సుఖం అని గమనించి చెప్పారు. ఊర్ధ్వశ్వాసకు ఊళ్లలో వాడే మాట ఎగశ్వాస. ఈ ఒక్క మాటను మాత్రం ఇళ్లలో ఆచితూచి వాడాలి. రోగి కాస్త పెద్దగా ఊపిరి తీయగానే "ఎగశ్వాస పట్టినట్టుంది" అని ఎవరో ఒకరు గుసగుసలాడతారు. మంచం మీద ఉన్న మనిషికి చెవులు బాగానే పనిచేస్తుంటాయి.

దమ్ము పారశీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఊపిరికీ అదే, ధైర్యానికీ అదే, చుట్టో బీడీయో ఒక్క పీల్పు లాగడానికీ అదే. నా చిన్నతనంలో అరుగుల మీద దగ్గుతూ కనిపించిన ముసలివాళ్లలో చాలామంది ఈ చివరి దమ్ము కోసం మొదటి దమ్ము పోగొట్టుకున్నవాళ్లు. మా పెద్దమ్మ ఒక్కనాడూ చుట్ట ముట్టలేదు. పదహారో ఏట కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు తెలిసిన పొగ వంటింటి పొగ. మిరపకట్టె, పత్తికట్టె, వానాకాలంలో నెమ్ము ఆరని పిడకలు. కిటికీ లేని వంటిల్లు. ఇత్తడి ఊదుగొట్టం పొయ్యిలోకి పెట్టి, కళ్లు మూసుకుని ఊది, మొహం పక్కకు తిప్పి గాలి పీల్చుకుని మళ్లీ ఊదేది. గ్యాసు పొయ్యి వచ్చేనాటికి యాభై దాటాయి. వంటచెరకు పొగ కూడా చుట్టపొగలాగే ఊపిరి గొట్టాలను ఇరుకు చేస్తుంది. అలా వచ్చే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీని సిగరెట్ల జబ్బని అనుకునేవాళ్లు మన పల్లెటూరి ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఊపిరితిత్తి ఎంత చక్కటి మాట! తిత్తి అంటే తోలుసంచి. కొలిమి దగ్గర కమ్మరి ఆడించేదీ తిత్తే. నొక్కితే గాలి పోవాలి, వదిలితే నిండాలి. సీఓపీడీలో ముందుగా దెబ్బతినేది ఖాళీ కావడం. సన్నబడిన గొట్టాల్లోంచి లోపలి గాలి మెల్లగా పోతుంటుంది. అది పూర్తిగా పోకముందే మనిషి కంగారుగా ఇంకో ఊపిరి తీస్తాడు. పాత గాలి లోపలే పేరుకుపోతుంది. ఉబ్బిన తిత్తుల కింద డయాఫ్రం అనే కండర పొర పళ్లెంలా చదునైపోయి, పైకీ కిందికీ ఆడలేకపోతుంది. ఇక ఎంత లాగినా కొత్త గాలికి చోటు లేదు. లాగమని మెదడు గట్టిగా ఆజ్ఞలు పంపుతుంది, ఛాతీ కదిలేది కొంచెం. పంపిన ఆజ్ఞకూ దక్కిన ఊపిరికీ మధ్య ఉన్న ఆ వెలితే మనిషికి ఆయాసంగా తెలుస్తుందని శ్వాసశాస్త్రం చెబుతోంది. పడిన పాటుకు ఫలం దక్కకపోవడమన్నమాట. ఆక్సీమీటరు అంకెలో ఈ పాటు కనబడదు. ‘యస్’ ధాతువులో కనబడుతుంది.

ఇక్కడ మన నుడికారమే రోగికి అడ్డం వస్తుంది. గండం గడిస్తే "ఊపిరి పీల్చుకున్నాం" అంటాం. మనిషి పోతే "ఊపిరి వదిలాడు" అంటాం. పేపర్లో "తుదిశ్వాస విడిచారు" అని వేస్తారు. తెలుగులో సుఖమంతా పీల్చడంలో, భయమంతా వదలడంలో పెట్టుకున్నాం. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు రోగి నోరు తెరుచుకుని లోపలికి లాక్కోవాలనే చూస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు "పీల్చు, గట్టిగా పీల్చు" అని తొందరపెడతారు. నేనూ అలాగే అరిచాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె తిత్తులు అప్పటికే నిండి ఉన్నాయి. ఆమెకు కావలసింది వదలడం.

అది నేర్పింది ఇంకో ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. "మామ్మగారూ, ముక్కుతో పీల్చండి, పెదవులు సున్నాలా చుట్టి నోటితో మెల్లగా వదలండి" అంది. పెద్దమ్మకు అంతుబట్టలేదు. కొవ్వొత్తి ఆర్పినట్టు అంది అమ్మాయి. పెద్దమ్మ ఒక్క ఊపున ఉఫ్‌మని ఊదేసి ఇంకా రొప్పింది. అమ్మాయి స్టూలు దగ్గరికి లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పొయ్యి ఊదారా ఎప్పుడన్నా? నిప్పు రాజుకోవాలి, బూడిద మాత్రం లేవకూడదు. అట్లా ఊదండి" అంది.

పెద్దమ్మ పెదవులు వాటంతట అవే చుట్టుకున్నాయి. కుడిచేయి కూడా లేని గొట్టాన్ని పట్టుకున్నట్టు కొంచెం పైకి లేచింది. బూడిద లేవకుండా, సన్నగా, మధ్యలో తెగకుండా, పీల్చినదానికి రెండింతల సేపు ఊదింది. మళ్లీ ఊదింది. చెవుల దగ్గరున్న భుజాలు కొద్దికొద్దిగా దిగాయి. ఐదారు ఊపిర్లయ్యాక "ఇదా!" అంది, తెలిసిన మనిషిని సంతలో చూసినట్టు.

పెదవులు సగం మూసి ఊదితే గొట్టాల్లో కాస్త ఒత్తిడి నిలుస్తుంది. గాలి బయటికి పోకముందే అవి ముడుచుకుపోకుండా ఆ ఒత్తిడి కాపాడుతుంది. పాత గాలి పోయి కొత్తదానికి చోటు దొరుకుతుంది. దీనికి సరిపోయే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. నిడు అంటే పొడుగు, ఊర్పు అంటే ఊపిరి, రెండూ కలిస్తే నిట్టూర్పు. దాన్ని మనం దుఃఖానికి అంకితం చేసేశాం. "ఎందుకలా నిట్టూరుస్తావు" అని ఇంట్లో ముసలివాళ్లను కసురుతాం. ఆయాసం రోగి నిట్టూరుస్తుంటే కసరకండి.

ఇక ఆక్సిజన్ సంగతి. మిషను పెట్టించలేదేమని చుట్టాలంతా నన్ను నిలదీశారు. వాళ్లను తప్పుపట్టలేను. 2021 వేసవిలో సిలిండరు కోసం ఊళ్లు తిరిగినవాళ్లం, అది దొరక్క మనుషులు పోవడం కళ్లారా చూసినవాళ్లం. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు కూడా రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోయి ఉండే సీఓపీడీ రోగులకు రోజుకు 15 గంటలైనా ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అచ్చైన అమెరికా, బ్రిటన్ పరీక్షలతో తేలింది. వాళ్లకు అది తప్పనిసరి. అంతగా పడిపోనివాళ్ల ఆయాసానికి పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2010లో లాన్సెట్ పత్రికలో దానికి జవాబు వచ్చింది. అలాంటి 239 మందిలో కొందరికి ముక్కు గొట్టంలోంచి ఆక్సిజన్, మిగతావారికి మామూలు గాలి వారం రోజులపాటు పంపారు. ఎవరికి ఏది వస్తోందో వాళ్లకు తెలియదు. రెండు గుంపులకూ ఆయాసం కొంచెం తగ్గింది. ఆక్సిజన్ వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

మామూలు గాలికి ఎందుకు తగ్గాలి? ఆ ఏడాదే కేంబ్రిడ్జిలో చేసిన ఇంకో చిన్న పరీక్ష చదివాక నాకు కొంత అర్థమైంది. 50 మందికి చేతిలో పట్టుకునే బుల్లి ఫ్యాను ఇచ్చి, ఐదు నిమిషాలు మొహానికీ, ఐదు నిమిషాలు కాలికీ గాలి పట్టించారు. మొహానికి తగిలినప్పుడు ఆయాసం తగ్గింది. ముక్కు చుట్టూ, బుగ్గల మీదా, పై పెదవి మీదా ఉన్న చర్మానికి చల్లగాలి తగిలితే అక్కడి నాడి ఆ కబురు మెదడుకు చేరవేస్తుంది, దానితో ఆయాసపు తీవ్రత తగ్గుతుందని వాళ్ల ఆలోచన. మంచం పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో మొహానికి విసిరిన మన అమ్మమ్మలు గుర్తుకొచ్చారు. గుమిగూడిన జనాన్ని "కాస్త గాలి ఆడనివ్వండర్రా" అని పక్కకు తోసే పెద్దమనిషి కూడా. జాతరలో కొన్న బ్యాటరీ ఫ్యాను ఒకటి తాడు కట్టి పెద్దమ్మ మెడలో వేశాను.

మందుల సంగతీ చెప్పాలి. మార్ఫిన్ పేరెత్తితే ఇంట్లో నిశ్శబ్దం. అది నల్లమందులోంచి వస్తుంది. తెలుగులో నల్లమందు అంటే మత్తు, లేదా మింగి చచ్చిపోవడం. ‘మందు’ అనే మాట పేరులోనే ఉన్నా ఎవరికీ కనబడదు. 2003లో ఆస్ట్రేలియాలో 48 మందితో చేసిన పరీక్షలో తక్కువ మోతాదు మార్ఫిన్ ఆయాసాన్ని తగ్గించింది. చాలా ఆశలు లేచాయి. తర్వాత అక్కడే సీఓపీడీ రోగులతో చేసి 2022లో అచ్చువేసిన పెద్ద పరీక్షలో, రోజూ వేసుకునే తక్కువ మోతాదు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మిర్టజపీన్ అనే దిగులు మందును ఏడు దేశాల్లో 225 మందితో పరీక్షించి చూశారు. 2024లో వచ్చిన ఫలితం నిరాశే. అంటే ఆయాసాన్ని తీసేసే మాత్ర ఇంకా లేదు. ఐనా మార్ఫిన్‌ను పక్కన పారేయలేం. చివరి రోజుల్లో, మిగతావన్నీ చేసినా మనిషి కొట్టుకుంటున్నప్పుడు, తెలిసిన వైద్యుడు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, మలబద్ధకానికీ మగతకూ జాగ్రత్త పడుతూ ఇస్తే అది ఉపశమనమే. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఆసుపత్రులకు మార్ఫిన్ దొరకడమే గగనమైంది. 2014లో సవరించాక దారి కొంత సుగమమైంది.

గుళ్లో దర్శనం అయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చుని అనాయాస మరణం కోరుకునే అలవాటు మనది. మొదటిసారి ఎవరు కోరుకున్నారో గానీ, ఊపిరికి పాటుపడుతూ పోయిన మనిషిని దగ్గరగా చూసినవాళ్లే అయ్యుంటారు. పెద్దమ్మ కూడా కోరుకునేది. నాకు మాత్రం మరణానికి ముందున్న రోజుల మీదే బెంగ. అవి ఆమెకు వందల్లో మిగిలి ఉన్నాయి.

"ఆయాసం ఎలా ఉంది?" అని అడిగిన ప్రతి డాక్టరుకూ "ఫర్వాలేదు నాయనా" అనే చెప్పేది. నిజమే చెప్పేది. పెరట్లోకి వెళ్లడం మానేసింది. స్నానం రెండు రోజులకోసారి చేసింది. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా లేవడం మానేసింది. ఏ పనికి ఆయాసం వస్తుందో ఆ పనల్లా వదిలేస్తూ వచ్చి, చివరికి మంచమంత బతుకులో ఫర్వాలేదు అంది. ఒక ఉపశమన వైద్యురాలు వేరే ప్రశ్న వేశారు: "ఆయాసం వల్ల ఏమేం మానేశావమ్మా?" పెద్దమ్మ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. "మల్లెపందిరి" అన్నాక ఆగి, కళ్లొత్తుకుంది.

కదిలితే ఆయాసం వస్తుందని కదలడం మానేస్తే కాళ్ల కండరాలు కరుగుతాయి. కరిగిన కండరం కొద్ది పనికే ఎక్కువ గాలి అడుగుతుంది. భయం వేస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే గాలి లోపల చిక్కుకుంటుంది, దానితో ఇంకా భయం. ఊపిరి, తలపు, కదలిక అనే మూడు ముళ్లుగా కేంబ్రిడ్జివాళ్లు దీన్ని వివరించారు. ఎక్కడో ఒక ముడి వదులు చేస్తే మిగతావీ వదులవుతాయి. కదలికకు సాక్ష్యం బలంగానే ఉంది: కొలిచి చేయించే వ్యాయామంతో సీఓపీడీ రోగుల ఆయాసం తగ్గుతుందని 65 పరీక్షలను కలిపి చూసిన 2015 నాటి సమీక్ష తేల్చింది. పెద్దమ్మకు వ్యాయామం అంటే మంచం నుంచి గడప, గడప నుంచి అరుగు, వారం తర్వాత అరుగు నుంచి మల్లెపందిరి. అడుగు వేసేటప్పుడు ఊదడం, ఆగినప్పుడు పీల్చడం. మధ్యలో రెండు స్టూళ్లు వేశాను. స్నానాల గదిలో ఒకటి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మంచం ఖాళీగా ఉంది. గుండె ఝల్లుమని పెరట్లోకి పరిగెత్తాను. రెండో స్టూలు మీద ముందుకు వంగి, మోచేతులు మోకాళ్లకు ఆనించి కూర్చుని ఉంది. ఫ్యాను మొహం దగ్గర గిర్రున తిరుగుతోంది. ఒళ్లో మొగ్గలు లేని ఒట్టి మల్లెకొమ్మ, కత్తిరించిన ఎండుకొమ్మ. పెదవులు సున్నాలా చుట్టి ఊదుతోంది.

"ఆయాసంగా ఉందా పెద్దమ్మా?"

అరచెయ్యి ఎత్తి ఆగమంది. ఊదడం పూర్తయ్యాక తలెత్తింది.

"తీర్చుకుంటన్నారా. నువ్వూ కూచో."